మినీమ్యాప్‌లో పసుపు చుక్క ఉంచాలా, తీసేయాలా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. హన్మకొండలో నలుగురు బీటెక్ విద్యార్థులు కలిసి, ఎనిమిది మంది ఒకేసారి ఆడగలిగే చిన్న ఆన్‌లైన్ ఆర్‌పీజీ (ఒక పాత్రగా మారి కథలో తిరిగే ఆట) తయారుచేస్తున్నారు. కాకతీయుల కాలం నాటి ఊరు, ఒక చెరువు, ఒక గుట్ట, దాని కింద గుడి. గుడి ఒక్కదానికే రెండు నెలలు పట్టిందట. ప్లేటెస్ట్‌లో, అంటే కొందరితో ఆడించి చూసినప్పుడు, ఆడినవాళ్ళంతా తెర మూలనున్న మినీమ్యాప్ (చిన్న పటం)లో, పోవాల్సిన చోటు చూపే పసుపు చుక్కను చూసుకుంటూ ఉరికారు తప్ప, గుడి వైపు ఒక్కరూ తలెత్తలేదు. చుక్క తీసేద్దామని ఇద్దరు, తీసేస్తే పది నిమిషాల్లో జనం ఆట మూసేసి పోతారని ఇద్దరు. తీర్పు చెప్పమని అడిగారు.

నేను నయీంనగర్‌లో తొమ్మిదేళ్ళు నెట్ సెంటర్ నడిపాను. అది మూతపడ్డాక లెవెల్ డిజైన్ (ఆటలోని ఊళ్ళు, దారులు కట్టే పని) నేర్చుకుని, ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని బయటి స్టూడియోలకు పని చేస్తున్నా. పిల్లలు ఆడుతుంటే వెనక నిలబడి చూసిన అనుభవం ఒకటి, అలాంటివాళ్ళు తిరిగే ఊళ్ళు కట్టిన అనుభవం ఒకటి. మీరు పెట్టిన వీడియో రెండుసార్లు చూశాను. చుక్క ఉంచినా, తీసినా ఇప్పుడున్న పరిస్థితిలో మీ గుడిని ఎవరూ చూడరు.

వీడియోలో మొదటి క్వెస్ట్ (ఆటలో చేయాల్సిన పని) ఇచ్చే అవ్వ ఏమంటుంది? "నా మేక తప్పిపోయింది బిడ్డా, జర వెతికి పట్టుకరా." అంతే. మేక ఎటు పోయిందో చెప్పదు, ఎప్పుడు పోయిందో చెప్పదు. వెంటనే మ్యాప్‌లో చుక్క పడుతుంది. ఆ చుక్క రేపు తీసేశారనుకోండి, ఆడేవాడు ఏ దిక్కుకు పోవాలి? చుక్క ఉంది కదా అని అవ్వతో దారి చెప్పించలేదు మీరు. ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు, పెద్ద పెద్ద కంపెనీలూ చేశాయి. మారోవిండ్ (2002), దాని తర్వాతి ఆటలు ఆన్‌లైన్‌వి కాదు గానీ దీనికి మంచి ఉదాహరణ. మారోవిండ్‌లో మార్కర్లు (పోవాల్సిన చోటు చూపే గుర్తులు) లేవు. ఎవరైనా పని చెప్తే, ఏ వంతెన దాటాలో, ఏ కొండ పక్క నుంచి పోవాలో మాటల్లో చెప్పేవాళ్ళు, అది జర్నల్‌లో రాసి ఉండేది. ఆ దారులు కొన్ని తప్పుగా కూడా ఉండేవి, జనం తిట్టుకున్నారు. అదే కంపెనీ ఆబ్లివియన్ (2006)లో కంపాస్ మీద బాణం గుర్తు పెట్టింది. స్కైరిమ్ (2011) వచ్చేసరికి చాలా క్వెస్ట్‌లలో దారి చెప్పే మాటలే మాయమయ్యాయి. అందులో మార్కర్లు ఆపేసి ఆడి చూడండి. ఫలానా గుహలో ఫలానా వస్తువు ఉంది అంటాడు, ఆ గుహ ఏ మూల ఉందో అనడు. మార్కర్ రాగానే దారి రాయడం మానేశారు. మాటలు పోయాక మార్కర్ తీసేసే అవకాశమూ పోయింది.

ఇక మార్కర్ అంటే పాపం అన్నట్టు మాట్లాడే పాతకాలం ఆటగాళ్ళతో నాకొక పేచీ ఉంది. మా నెట్ సెంటర్‌లో పదకొండు సిస్టమ్‌లు ఉండేవి. బడి వదలగానే పిల్లలు వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్, కౌంటర్ స్ట్రైక్ కోసం కొట్టుకునేవాళ్ళు. శాన్ ఆండ్రియాస్‌లో మాటలన్నీ ఇంగ్లిష్, అదీ అమెరికా వీధుల యాస. తెలుగు మీడియం ఏడో తరగతి పిల్లాడికి ఒక్క ముక్క ఎక్కదు. అయినా మిషన్ మీద మిషన్ చేసుకుంటూ పోయేవాడు. రాడార్‌లో అక్షరం ఉన్నచోటికి పోతే మిషన్ మొదలవుతుంది, రంగు చుక్క ఉన్నచోటికి పోతే ముందుకు సాగుతుంది. వాడికి అదే అనువాదం. ఆట మొత్తం అయిపోగొట్టిన ఒకణ్ణి, "హీరో అసలు ఊరికి ఎందుకొచ్చాడ్రా?" అని అడిగితే, "బండ్లు కొట్టేయనీకి అన్నా" అన్నాడు. తల్లి చావుకొచ్చాడని వాడికి చివరిదాకా తెలియదు. కథ తెలియకపోతేనేం, వాడిలా ఆ ఊళ్ళో మునిగిపోయినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. కరెంటు పోతే తప్ప కుర్చీ లేచేవాడు కాదు.

ఆ పిల్లాడి విషయంలో ఇంకోటి గమనించాను. వాడికి ఆ ఊరి సందులన్నీ నోటికి వచ్చు. పోలీసులు వెంటపడితే ఏ గోడ దూకాలో, ఏ కాలువలోకి బండి దింపాలో పక్కవాడికి చెప్పేవాడు. ఎలా వచ్చిందంటే, శాన్ ఆండ్రియాస్ రాడార్ చేరాల్సిన చోటు చూపిస్తుంది గానీ దారి గీసి చూపించదు. రోడ్డు మీద గీత గీసి మలుపు మలుపూ చెప్పడం అదే వరుసలో తర్వాత వచ్చిన జీటీఏ ఫోర్ (2008)తో వచ్చింది. చుక్క అంటే "అక్కడికి రా" అనడం, గీత అంటే చెయ్యి పట్టుకుని లాక్కుపోవడం. చుక్క ఒక్కటే ఉన్నప్పుడు దారి ఎంచుకునే పని ఆడేవాడిదే. గీత వచ్చాక వాడు రోడ్డు చూడడు, గీతనే చూస్తాడు. మీ వీడియోలో చుక్కతో పాటు బాట మీద చుక్కల వరుస కూడా ఉంది. ముందు అది తీసేయండి, ఇవాళే. దాని మీద చర్చ కూడా అక్కర్లేదు.

ఆన్‌లైన్ ఆటల సంగతి వేరు, అక్కడ పక్కన మనుషులుంటారు కాబట్టి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబర్‌లో వచ్చినప్పుడు పని ఇచ్చేవాళ్ళ నెత్తిన పసుపు ఆశ్చర్యార్థకం ఉండేది గానీ, పని ఎక్కడ చేయాలో మ్యాప్ చెప్పేది కాదు. అందులో మాంక్రిక్ అనేవాడు యుద్ధంలో తప్పిపోయిన తన భార్యను వెతకమంటాడు. ఆమె ఎక్కడుందో దొరక్క ఆ ప్రాంతం చాట్ నిండా రోజూ ఒకటే ప్రశ్న: మాంక్రిక్ భార్య ఎక్కడ? కొందరు చెప్పేవాళ్ళు, కొందరు తిట్టేవాళ్ళు, కొందరు కావాలని తప్పుదారి పట్టించేవాళ్ళు. ఇప్పటికీ ఆ మాటంటే పాతవాళ్ళు నవ్వుతారు. మార్కర్ లేకపోవడం వల్ల పుట్టిన ముచ్చట అది. అయితే అందరూ చాట్‌లో అడిగి ఊరుకోలేదని కూడా గుర్తుంచుకోండి. థాట్‌బాట్ లాంటి సైట్లలో వెతుక్కున్నారు, క్వెస్ట్‌హెల్పర్ అనే యాడాన్ (ఆటకు బయటివాళ్ళు రాసే అదనపు సాఫ్ట్‌వేర్) వేసుకున్నారు. జనం ఎలాగూ వేసుకుంటున్నారని 2009 డిసెంబర్‌లో కంపెనీయే ఆ గుర్తులను మ్యాప్‌లో కలిపేసింది. మళ్ళీ 2019లో పాత ఆటను పాతలాగే క్లాసిక్ పేరుతో తెస్తే, మార్కర్లు లేని ఆ పాత రోజులు కావాలని అడిగినవాళ్ళలోనే చాలామంది క్వెస్టీ అనే యాడాన్‌తో మార్కర్లు తెచ్చి పెట్టుకున్నారు. మనిషి ఇంతే. ఉపవాసం అంటూనే ఉప్మా తింటాడు.

కాబట్టి మీరు చుక్క తీసేస్తే ఆడేవాళ్ళు చెట్టూ పుట్టా చూస్తూ తిరుగుతారని అనుకోకండి. పక్కన ఫోన్‌లో వెతుకుతారు, లేదా ముందే ఆడిన ఫ్రెండ్‌ను అడుగుతారు. ఫ్రెండ్‌ను అడిగితే మీకు లాభమే. ఫోన్‌లో వెతికితే మాత్రం, మూలనున్న చుక్కను చూసేవాడు అసలు స్క్రీనే వదిలేసినట్టు.

మీ టెస్టర్ల గురించి కూడా ఒక మాట. కాలేజీ హాస్టల్ పిల్లలే అయి ఉంటారు, అంటే బీజీఎంఐ (పబ్జీ మొబైల్‌కు మన దేశం రూపం) అలవాటైన కళ్ళు. పబ్జీ మొబైల్‌లో అడుగుల చప్పుడూ తుపాకి చప్పుడూ కూడా మినీమ్యాప్ మీద గుర్తులుగా పడతాయి. కంప్యూటర్‌లో ఆడే పబ్జీలో ఆ సాయం లేదు, చెవులతో వినాల్సిందే. ఇయర్‌ఫోన్లు లేకుండా బస్సులో ఆడేవాడికి ఆ గుర్తులు ప్రాణం. అలా ఏళ్ళ తరబడి మూలకు చూడటం నేర్చుకున్నవాడు మీ ఆటలోనూ మొదట మూలకే చూస్తాడు. మీ గుడి బాగాలేక కాదు, బెంగపడకండి.

ఇప్పుడు అసలు పని. మన దగ్గర ఎవరినైనా దారి అడిగి చూడండి. వీధి పేరు చెప్పరు, ఇంటి నంబరు అంతకన్నా చెప్పరు. "సీదా పో, బంకు దాటినంక రావిచెట్టు వస్తది, ఆడ పాత టాకీస్ సందులకు మళ్ళు." ఆ టాకీస్ కూలగొట్టి ఎన్నో ఏళ్ళయి ఉంటుంది, అక్కడిప్పుడు ఫంక్షన్ హాలు ఉంటుంది, అయినా టాకీస్ సందే. దారి చెప్పే మనిషి ఎవరో, ఎన్నేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నాడో ఆ ఒక్క మాటలో బయటపడుతుంది. మీ అవ్వతో ఇలా చెప్పించండి:

"పొద్దుగూకంగ చెరువు కట్ట మీదికెళ్ళి పోవుడు జూసిన బిడ్డా. మత్తడి దాటినంక జంట తాళ్ళు ఉంటయి సూడు, ఆడికెళ్ళి గుట్ట దిక్కు బాట చీలుతది. మా మేకకు గుట్ట మీది రేగుపండ్లంటే పానం."

ఈ నాలుగు ముక్కలు రాయడం అలకే. ఈ మాటను నిజం చేయడమే మీ పని. కట్ట మీద నిలబడితే మత్తడి (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటు) కనబడాలి. మత్తడి దగ్గర నిలబడితే జంట తాళ్ళు, అంటే రెండు తాటిచెట్లు, ఆకాశానికి అడ్డంగా స్పష్టంగా కనబడాలి, వెనక గుబురు చెట్లు ఉంటే కలిసిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, జంట తాళ్ళు మీ మ్యాప్ మొత్తంలో ఆ ఒక్కచోటే ఉండాలి. వీడియోలో మీరు అదే తాటిచెట్ల జంటను కాపీ చేసి అయిదు చోట్ల పెట్టారు, నేను లెక్కపెట్టాను. చెప్పిన గుర్తు అయిదు చోట్ల ఉంటే అవ్వ అబద్ధమాడినట్టే. రేగుచెట్లు కూడా గుట్ట మీదే ఉంచండి, ఊళ్ళో ఉన్నవి పీకేయండి. ఇంకోటి, "ఎడమకు తిరుగు" అనిపించకండి, ఆడేవాడు ఎటు తిరిగి నిలబడ్డాడో అవ్వకు తెలియదు కదా. "గుట్ట దిక్కు", "నీళ్ళు పారే దిక్కు" అంటే ఎటు నిలబడ్డా తప్పదు. తూర్పు, పడమర అనిపించదలిస్తే ఆటలో సూర్యుడు నిజంగా తూర్పునే పొడుస్తున్నాడో లేదో ముందు చూసుకోండి. నేనొకసారి ఇది చూసుకోకుండా బిల్డ్ పంపి క్లయింట్ దగ్గర మాట పడ్డాను.

దీనికి మీకు పాఠం దగ్గర్లోనే ఉంది. ఒక ఆదివారం నలుగురూ వరంగల్ కోటకు పోండి. కూలిన స్వయంభూ గుడి చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు ఉన్నాయి కదా. మధ్యలో నిలబడి ఒకడి కళ్ళకు గుడ్డ కట్టి నాలుగైదు చుట్లు తిప్పి, గుడ్డ విప్పి, ఎటు నుంచి లోపలికి వచ్చాడో చూపించమనండి. నాలుగూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి వాటిని చూసి చెప్పలేడు. ఎండ చూసో, రోడ్డు చప్పుడు వినో చెప్తాడు. అంత గొప్ప కట్టడం కూడా దిక్కు చెప్పే గుర్తుగా పనికిరాదు, అన్ని వైపులా సమానంగా ఉంటే. హన్మకొండలో పద్మాక్షి గుట్ట చూడండి. దానికి చెక్కుడు పని ఏమీ అక్కర్లేదు. ఒక వైపు నుంచి ఒకలా, ఇంకో వైపు నుంచి ఇంకోలా ఉంటుంది, దాన్ని చూడగానే మనం ఎటున్నామో తెలుస్తుంది. మీ గుడిని నాలుగు వైపులా ఒకేలా చేశారు, పైగా గుట్ట నీడలో పెట్టారు. ధ్వజస్తంభం ఒక వైపే పెట్టి, గుడిని కట్ట మీద నుంచి కనబడేలా ఓ యాభై అడుగులు జరపండి. మేక కోసం పోయేవాడు గుట్టను వెతుక్కుంటూ తలెత్తుతాడు, అప్పుడు గుడి వాడి కంట పడుతుంది. చూడమని బతిమాలాల్సిన పనిలేదు.

ఇదంతా చేశాక పరీక్ష. ఖర్చు లేనిది చెప్తాను, నెట్ సెంటర్ రోజుల నుంచి వాడుతున్నా. మానిటర్ మీద మినీమ్యాప్ ఉన్నచోట ఒక కాగితం ముక్క అంటించండి. కోడ్‌లో ఏమీ మార్చొద్దు. ఆడేవాడి వెనక నిలబడి, నోరు మూసుకుని, వాడు ఎక్కడ ఆగాడో మాత్రం రాసుకోండి. ఆగినచోటల్లా మీ ఊరు మాట్లాడటం ఆపేసినట్టు. తర్వాత వాడి చేతికి తెల్లకాగితం, పెన్ను ఇచ్చి ఊరి పటం గీయమనండి. ఒక ప్రాజెక్టులో ఆరుగురితో ఇలా చేయించాను. గీత చూసి ఆడినవాళ్ళు ఒక పొడుగు గీత గీసి రెండు చివర్లా రెండు సున్నాలు పెట్టారు. గీత లేకుండా ఆడినవాళ్ళు బావి ఎక్కడుందో, కుక్క మొరిగే ఇల్లు ఎక్కడుందో కూడా పెట్టారు. ఒకావిడ బావిని అసలు కన్నా పెద్దగా గీసింది, అక్కడ రెండుసార్లు చచ్చిందట. ఎలుకలు కూడా మలుపుల వరుసనే కాక చోటు మొత్తాన్నీ తలలో పటంలా పెట్టుకుంటాయని ఎడ్వర్డ్ టోల్మన్ 1948లోనే చెప్పాడు. ఫలానా చోటికి రాగానే వెలిగే మెదడు కణాలను జాన్ ఓకీఫ్ 1971లో చూపించాడు, 2014లో దానికి నోబెల్ కూడా వచ్చింది. మీ ఆటలో మునిగిపోవడం అంటే నా లెక్కలో ఇదే, తలలో ఊరి పటం పడటం. గ్రాఫిక్స్ దాని తర్వాత.

మినీమ్యాప్‌ను మొత్తంగా తీసేయమని మాత్రం అనను. అది ఆడేవాడితో పాటు గిర్రున తిరుగుతుందా, ఉత్తరం పైనే ఉండి కదలకుండా ఉంటుందా చూడండి. తిరిగే మ్యాప్‌తో మలుపులు సులువు, కదలని మ్యాప్‌తో ఊరు గుర్తుంటుంది. విమానాల మ్యాప్‌ల మీద జరిగిన పరిశోధనల్లోనూ ఇదే తేలింది. మీది తిరిగే రకం. కదలనిది పెట్టి వారం ఆడి చూడండి. చుక్కకు బదులు పెద్ద వలయం గీయండి, "ఈ గుట్ట ప్రాంతంలో ఎక్కడో" అన్నంత వరకే. ఆడేవాడు నాలుగైదు నిమిషాలు అక్కడక్కడే తిరుగుతుంటే వలయం మెల్లగా చిన్నదయ్యేలా చేయొచ్చు. పని చేసుకుని రాత్రి పదింటికి నలభై నిమిషాలు ఆడుకునేవాడు మేక కోసం నలభై నిమిషాలూ పోగొట్టుకోవాలని నేను కోరను. దిక్కులు అస్సలు గుర్తుండనివాళ్ళు, అక్షరాలు చదవలేనివాళ్ళు కూడా ఉంటారు. చుక్క కావాలనుకున్నవాళ్ళకు సెట్టింగ్స్‌లో ఉంచండి, మొదట ఆపేసి ఉంచండి. అస్సాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ (2018)లో రెండు రకాలూ పెట్టారు. మాటలు విని వెతుక్కునే పద్ధతి ఒకటి, మార్కర్ చూపే పద్ధతి ఒకటి. మాటలు ముందే రాసి ఉంచారు కాబట్టే అది కుదిరింది. అవ్వ మాటను తెలుగులో వాయిస్ చేయించండి, మీ నాయనమ్మతోనే చేయించండి. నా నెట్ సెంటర్ పిల్లాడికి లేని అదృష్టం మీ ఆటగాళ్ళకు ఉంటుంది.

తోటి ఆటగాళ్ళ చుక్కలను మాత్రం ముట్టుకోవద్దు. క్వెస్ట్ చుక్క వేరు, మనవాళ్ళ చుక్క వేరు. మేడారం జాతరకు పోయినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఆ జనంలో ఫోన్ కలవదు, మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు చదువుతూనే ఉంటారు. అందుకే బండి దిగగానే ఇంటి పెద్ద చెప్పే మొదటి మాట, తప్పిపోతే జంపన్న వాగు వంతెన కాడికి రండి అని. మీ ఆటలో ఎనిమిది మంది ఉన్నారు, వాళ్ళకూ అలాంటి చోటు కావాలి. ఎవరైనా మ్యాప్ మీద తన చేత్తో ఒక గుర్తు పెడితే మిగతా ఏడుగురికీ కనబడేలా చేయండి. మీరు పెట్టిన చుక్కకు, స్నేహితుడు పెట్టిన చుక్కకు ఆడేవాడి మనసులో చాలా తేడా ఉంటుంది. సీ ఆఫ్ థీవ్స్ (2018) ఒకసారి ఆడి చూడండి. మినీమ్యాప్ లేదు, మ్యాప్ చేతిలో పట్టుకునే కాగితం. అది పట్టుకున్నంతసేపు కత్తి పట్టుకోలేవు. దీవి పటంలో నువ్వెక్కడున్నావో ఉండదు, నిధి ఉన్నచోట ఇంటూ గుర్తు ఒక్కటే ఉంటుంది. కాగితాన్ని ఎదుటివాడికి తిప్పి చూపించొచ్చు. ఒకడు పటం చూసి అరుస్తుంటే ఇంకొకడు తవ్వుతుంటాడు, తప్పు చోట తవ్వాక ఇద్దరూ పోట్లాడుకుంటారు. మాంక్రిక్ భార్య గోల చాట్‌లో నడిచినట్టే ఇక్కడ ఓడ మీద నడుస్తుంది.

ఒక టెక్నికల్ సంగతి చెప్పి ఆపేస్తా. చుక్కను స్క్రీన్ మీద దాచేసి, మేక ఉన్నచోటు వివరాలను సర్వర్ నుంచి ముందే అందరి కంప్యూటర్లకూ పంపిస్తుంటే, ఎవడో ఒకడు బయటికి తీస్తాడు. ఆడేవాడు దగ్గరికి వచ్చాకే పంపండి. అలాగే మేకను రోజూ ఒకేచోట పెడితే రెండో రోజుకల్లా అక్కడ నలుగురు నిలబడి ఉంటారు, కొత్తగా వచ్చినవాడికి ఆ గుంపే మార్కర్. గుట్ట మీద మూడు నాలుగు రేగుచెట్లు పెట్టి, ప్రతిసారీ ఒకదాని కింద ఉండేలా చూడండి. అవ్వ మాట మార్చక్కర్లేదు.

ఈ వారం అవ్వ డైలాగ్, తాటిచెట్లు, గుడి జరపడం, ఈ మూడే చేయండి. ఆదివారం కొత్తవాళ్ళు నలుగుర్ని పిలిచి, కాగితం ముక్క అంటించి ఆడించండి. మత్తడి దాటాక గుట్ట దిక్కు కాకుండా పొలాల దిక్కు పోయినవాళ్ళు ఎంతమందో రాసి ఇక్కడ పెట్టండి. ఇద్దరికన్నా ఎక్కువైతే ఆ బాట చీలిక దగ్గర స్క్రీన్‌షాట్ కూడా పెట్టండి, నాకు అక్కడ కంచె మీదే అనుమానం.